పూసలు, మట్టి, గుడ్డముక్కలు, గొర్రె ఉన్ని

అమరాన్ బ్యాటరీ ప్రకటనలు టీవీలో చూసినవాళ్ళు నా తరంలో చాలామందే ఉంటారు. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో వచ్చాయవి. మట్టితో చేసిన మనుషులు, మట్టి బండ్లు. కంపెనీ మన తిరుపతి పక్కన కరకంబాడిది. ఆ మట్టి మనుషులకు ప్రాణం పోసింది మాత్రం ముంబైలో, ఫేమస్ హౌస్ ఆఫ్ యానిమేషన్ అనే స్టూడియోలో. హైదరాబాదులో నేను పాఠాలు చెప్పే కాలేజీకి కొత్త బ్యాచి రాగానే మొదటి క్లాసులో వేసి చూపించేవి ఇవే. ఎవరు చేసి ఉంటారని అడిగితే పిల్లలు ఇంగ్లండో అమెరికానో అంటారు. సురేశ్ ఎరియట్, వైభవ్ కుమరేశ్ అని బోర్డు మీద పేర్లు రాస్తాను. ఇద్దరూ అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో యానిమేషన్ చదువుకున్నవాళ్ళు. అందరూ ఎన్ఐడీ అనే ఆ బడి గురించే ఈ వ్యాసం. అక్కడి విద్యార్థులూ అధ్యాపకులూ సాధించినది మన తెలుగు ఇళ్ళలో తెలియాలని నాకు గట్టిగా ఉంది. బొమ్మలు గీసే పిల్లలున్న ఇళ్ళలో మరీనూ.

ముందు మట్టి బొమ్మ ఎలా కదులుతుందో చెప్పుకోవాలి, లేకపోతే ఆ గొప్పతనం అందదు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. చేత్తో చేసే యానిమేషన్‌లో ఒక్కో భంగిమను రెండు ఫ్రేములకు వాడుకోవడం రివాజు. అంటే సెకనుకు 12 భంగిమలు కావాలి. బొమ్మ లోపల తీగతో కట్టిన అస్థిపంజరం ఉంటుంది, దాన్ని ఆర్మేచర్ అంటాం. పైన పూసేది మామూలు బంకమన్ను కాదు, అది లైట్ల వేడికి ఎండి బీటలు వారుతుంది. నూనె కలిసిన ప్లాస్టిసిన్ వాడతారు. చెయ్యి రవ్వంత జరపాలి, పక్కకు తప్పుకోవాలి, ఫొటో తియ్యాలి, మళ్ళీ రవ్వంత జరపాలి. పాత్ర మాట్లాడాలంటే 'ఆ'కు తెరిచిన నోరు, 'ఓ'కు సున్నాలా చుట్టిన నోరు, 'మ'కు మూసిన పెదాలు ముందే చేసి పెట్టుకుని ఒకటి తీసి ఒకటి అతికిస్తూ పోవాలి. బుగ్గ మీద వేలిముద్ర పడితే తెర మీద అది పురుగులా పాకుతుంది. ఎవరి మోచెయ్యో తగిలి బల్ల కదిలిందా, ఆ షాటు మళ్ళీ మొదటినుంచి. ఇంత చేస్తే రోజు గడిచేసరికి చేతికి వచ్చేది కొన్ని సెకన్ల సినిమా. దీన్నే స్టాప్ మోషన్ అంటారు.

నేను వచ్చింది పెన్సిలు దారిలో. కుర్రతనంలో హైదరాబాదులోనే ఒక స్టూడియోలో ఇన్‌బిట్వీనర్‌గా చేరాను. విదేశీ సీరియళ్ళకు ముఖ్యమైన భంగిమలు అక్కడే గీసి పంపేవారు, వాటి నడుమ ఖాళీలను నింపే గీతలు మావి. లైట్ బాక్సు మీద వంగి, పెగ్ బార్‌కు కాగితాలు తగిలించి, ఎవరిదో పాత్ర, ఎవరిదో ఊరు, ఎవరిదో చలికాలం గీసేవాళ్ళం. అన్నం పెట్టిన పని అది, దాని మీద నాకు గౌరవం ఉంది. గీతను అదుపులో పెట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను. కానీ మా ఊరి మనిషిని కదిలించే అవకాశం ఆ బల్ల దగ్గర ఎప్పుడూ రాలేదు. ఎన్ఐడీ సినిమాలు చూసినప్పుడు నన్ను పట్టుకున్నది అదే. అక్కడివాళ్ళు తమ ఇంట్లో, తమ వీధిలో దొరికిన వస్తువులతో, తమ మనుషుల కథలతో మొదలుపెట్టారు.

ఆ సంస్థ పుట్టుక 1961లో. భారతదేశానికి డిజైన్ చదువు ఎలా ఉండాలో చూసి చెప్పమని ప్రభుత్వం అమెరికా నుంచి చార్ల్స్, రే ఈమ్స్ దంపతులను పిలిపించింది. 1958లో వాళ్ళిచ్చిన నివేదికలో మన చెంబును మెచ్చుకుంటూ రాసిన పేజీలు ఇప్పటికీ డిజైన్ విద్యార్థులందరూ చదువుతారు. గౌతమ్ సారాభాయ్, ఆయన చెల్లెలు గీరా సారాభాయ్ సంస్థను నిలబెట్టారు. సబర్మతి ఒడ్డున పాల్డీలో ఆవరణ. ఒకే కప్పు కింద కుండలు, బట్టలు, కుర్చీలు, అక్షరాలు, సినిమా. యానిమేషన్ విద్యార్థి టీకి వెళ్తూ మగ్గాల పక్కనుంచి నడిచి వెళ్ళాల్సిందే. ఈ ఇరుగుపొరుగు ఎంత పని చేసిందో తర్వాత వచ్చిన సినిమాలు చూస్తే తెలుస్తుంది.

తొలి తరంలో అక్కడ చదివినవారిలో ఈశూ పటేల్ ఒకరు. 1942లో గుజరాత్‌లో పుట్టారు. బరోడాలో చిత్రకళ, తర్వాత ఎన్ఐడీ, అక్కడినుంచి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డుకు వెళ్ళారు. 1970ల మొదట్లో ఆ బోర్డులోనే ఉద్యోగంలో చేరి పాతికేళ్ళపాటు సినిమాలు తీశారు. 1977లో ఆయన తీసిన 'బీడ్ గేమ్' నిడివి అయిదున్నర నిమిషాలు. తెర మీద పూసలు తప్ప మరేమీ ఉండవు. ఉత్తర కెనడాలోని ఇన్యూట్ స్త్రీలు చేసే పూసల పని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. నల్లటి నేల మీద ఒక్క పూస, అది రెండవుతుంది, జీవకణమవుతుంది, చేప అవుతుంది, ఒకదాన్ని ఒకటి మింగుతూ జంతువులవుతాయి, మనుషులవుతాయి, మనుషులు ఆయుధాలవుతారు, చివరికి అణువు దాకా వస్తుంది. వెనక వినిపించేది తబలా, జ్ఞాన్ ప్రకాశ్ ఘోష్‌ది. సంభాషణ ఒక్క ముక్క లేదు. సుమారు 8 వేల ఫ్రేముల పొడవునా వేల పూసల్ని చేత్తో జరిపి తీసిన సినిమా అంటే ఆ ఓపికకు నేను దండం పెడతాను.

అది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ఆ ఏడు బహుమతి వచ్చింది అదే బోర్డులో కో హోడెమన్ తీసిన 'శాండ్ కాసిల్'కు. అది ఇసుకతో తీసినది! పూసలకూ ఇసుకకూ మధ్య ఆస్కార్ పోటీ జరిగిన సంవత్సరం అది. 1984లో తీసిన 'పారడైజ్'తో పటేల్ మళ్ళీ ఆ జాబితాకెక్కారు. మధ్యలో, గాజు మీద ప్లాస్టిసిన్ పరిచి కిందినుంచి వెలుగు పంపుతూ 'ఆఫ్టర్‌లైఫ్' తీసి, ఫ్రాన్స్‌లోని ఆన్సీ ఉత్సవంలో గ్రాండ్ ప్రి తెచ్చుకున్నారు. ఆన్సీ అంటే యానిమేషన్ వాళ్ళకు అన్ని పండుగల్లోకీ పెద్ద పండుగ, 1960 నుంచి జరుగుతోంది. ప్రతి సినిమాకూ ఆయన వాడిన వస్తువు వేరు, చేసిన తీరు వేరు. ఇది ఎన్ఐడీ విద్యార్థుల్లో పదే పదే కనిపించే గుణం. కథ వినగానే ఏ సాఫ్ట్‌వేర్‌లో చేద్దామని అడగరు. ఏ వస్తువుతో చెబితే ఈ కథ నప్పుతుంది అని అడుగుతారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తాను. నీనా సబ్నానీ బరోడాలో చిత్రకళ, ఎన్ఐడీలో యానిమేషన్ చదివారు. అక్కడే రెండు దశాబ్దాలు పాఠాలు చెప్పారు. తర్వాత ఐఐటీ బొంబాయిలోని డిజైన్ విభాగం ఐడీసీకి వెళ్ళారు. ఆమె మొదటి సినిమాల్లో ఒకటి 'శుభ్ వివాహ్', 1984. విషయం వరకట్నం, బొమ్మల తీరు మిథిల పల్లెల్లో ఆడవాళ్ళు గోడల మీద వేసే మధుబని. పెళ్ళి గోడల మీద శుభమని వేసే చిత్రాలతోనే పెళ్ళి పేరిట జరిగే అన్యాయం చెప్పించడం ఎంత సూటిగా ఉందో చూడండి.

2005లో 'ముకుంద్ అండ్ రియాజ్' తీశారు. కరాచీలో పుట్టి పెరిగిన తన తండ్రి, దేశ విభజనప్పుడు అక్కడే వదిలి రావాల్సి వచ్చిన ఆయన ముస్లిం స్నేహితుడు. ఎనిమిది నిమిషాల్లో ఆ స్నేహం. సింధ్‌లో ఆడవాళ్ళు గుడ్డముక్కలు కత్తిరించి మరో గుడ్డ మీద కుట్టే పనితనంలో బొమ్మలన్నీ తయారయ్యాయి. పోగొట్టుకున్న ఊరిని ఆ ఊరి కుట్టుతోనే చూపించారు. విభజన మీద ఎన్నో నవలలు, పెద్ద సినిమాలు వచ్చాయి, కానీ పదేళ్ళ పిల్లవాడి పక్కన కూర్చుని చూడగలిగేవి ఎన్ని? నేను దీన్ని ఏటా వేస్తాను, వేసిన ప్రతిసారీ క్లాసులో ఎవరో ఒకరు తమ ఇంటి పెద్దవాళ్ళను ఏదో అడగాలని చెప్పి వెళ్తారు.

2009లో వచ్చిన 'తాంకో బోలే ఛే' ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. కుట్టు మాట్లాడుతోంది అని ఆ పేరుకు అర్థం. కచ్ ప్రాంతంలో కళా రక్ష అనే సంస్థలో పనిచేసే కుట్టుపని స్త్రీలే తమ జీవితాలను తమ గొంతులతో చెబుతారు. పాకిస్తాన్ వైపునుంచి సరిహద్దు దాటి రావడం, 2001 భూకంపం, చేతిపనితో సంపాదన మొదలవడం. తెర మీద కదిలే గుడ్డ మనుషుల్ని కుట్టింది కూడా వాళ్ళే. మామూలుగా డాక్యుమెంటరీలో కెమెరా ఎదుట కూర్చోపెడితే పల్లె ఆడవాళ్ళు బిగుసుకుపోతారు. ఇక్కడ ముఖాలు కెమెరా ముందు లేవు, చేతిలో సూది ఉంది, మాట నడిచింది. యానిమేషన్ అంటే పిల్లల కాలక్షేపం అనుకునేవారికి నేను మొదట చూపించేది ఇదే.

తర్వాత రాజస్థాన్ కావడ్ మీద పనిచేశారు. కావడ్ అంటే తలుపుల మీద తలుపులుండే చెక్క పెట్టె. చిత్తోడ్‌గఢ్ దగ్గరి బస్సీలో వడ్రంగులు చేస్తారు, భాట్ కథకులు ఒక్కో తలుపు తెరుస్తూ వంశచరిత్రలు, దేవుళ్ళ కథలు చెబుతారు. దాని మీద డాక్టరేట్ చేశారు, పుస్తకం రాశారు, 2011లో సినిమా కూడా తీశారు. 2016లో 'హమ్ చిత్ర్ బనాతే హైఁ' వచ్చింది. మధ్యప్రదేశ్ భిల్లుల కథ అది. వానలు పడక ఊరు అల్లాడుతుంటే గోడల మీద బొమ్మలు వెయ్యమని పెద్దాయన చెబుతాడు, వేస్తే వాన పడుతుంది. చిత్రకారుడు షేర్ సింగ్ భిల్‌తో కలిసి చేసిన ఆ చిత్రానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది.

అధ్యాపకురాలిగా ఆమె సాధించినదాన్ని నేను పురస్కారంతో మాత్రమే కొలవను. పాఠం చెప్పే మనిషి తానూ ప్రతి కొన్నేళ్ళకూ ఒక సినిమా తీసి విద్యార్థుల ముందు పెట్టడం, అందులో పల్లె కళాకారుల్ని సమాచారం ఇచ్చే మనుషులుగా కాక తోటి చిత్రకారులుగా కలుపుకోవడం పెద్ద చదువు. ఐడీసీలోనే ఆమె సహాధ్యాపకురాలు శిల్పా రనడే 'గోపీ గవయ్యా బాఘా బజయ్యా' అనే పూర్తి నిడివి యానిమేషన్ సినిమా తీశారు. 2013లో టొరంటో చిత్రోత్సవంలో ప్రదర్శించారు. మన థియేటర్లకు 2019లో గానీ రాలేదు. ఇంత మంచి సినిమాకు అంత ఆలస్యం జరగడం నాకు ఇప్పటికీ బాధే.

కావడ్ లాంటి కథాకళలు మన దగ్గరా ఉన్నాయి. మన చేర్యాల పటాన్నే తీసుకోండి. నకాషీ చిత్రకారులు వేసిన పొడవాటి బట్ట పటం, కులపురాణం చెప్పే కథకుడు దాన్ని ఒక్కో గడీ విప్పుకుంటూ పాడుతూ పోతాడు. కావడ్‌లో ఉన్నదీ ఇదే పని. యానిమేషన్ భాషలో చెప్పాలంటే స్టోరీబోర్డు, అంటే సినిమాను ముందుగా వరస బొమ్మల్లో వేసుకునేది, సిద్ధంగా ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఇప్పటికీ తయారవుతున్నాయి, దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కీళ్ళ దగ్గర దారాలతో అతుకులు పెట్టి కదిలించే ఆ తోలుబొమ్మను మా విద్యార్థుల చేతికి ఇస్తే, కంప్యూటర్‌లో బొమ్మకు కీళ్ళు అమర్చే రిగ్గింగ్ ఎందుకో వాళ్ళకు నిమిషంలో అర్థమవుతుంది. ఎక్కడ కీలు పెడితే ఏ కదలిక వస్తుందో ఆ కళాకారులు తరతరాలుగా లెక్క తేల్చి పెట్టారు. వాళ్ళతో కలిసి కూర్చుని సినిమా తీసే అధ్యాపకులు మన రెండు రాష్ట్రాల కాలేజీల్లో కావాలి. ఇది నా కోరిక మాత్రమే కాదు, మా స్టాఫ్ మీటింగుల్లో నేను మానకుండా అడుగుతున్న సంగతి.

అడ్మిషన్ల రోజుల్లో ఒకసారి జనగామ వైపునుంచి ఒక రైతు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. "సార్, మావోడు బొమ్మలు మంచిగనే గీస్తడు. గీ సదువు సదివితే నౌకరి దొరుకుతదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దొరుకుతుందని చెప్పాను. హైదరాబాదులో స్టూడియోలు ఉన్నాయి, పని ఉంది. రాజీవ్ చిలక అమెరికాలో యానిమేషన్ చదివి వచ్చి 2001లో ఇక్కడ గ్రీన్ గోల్డ్ పెట్టారు. 2008లో మొదలైన ఛోటా భీమ్ ఆ స్టూడియోదే. కానీ ఇంకో సంగతి కూడా ఆయనకు చెప్పాను. 'లైఫ్ ఆఫ్ పై' సినిమాలో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాదులోనూ శాఖ ఉండేది, మనవాళ్ళు అందులో పనిచేశారు. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కార్ వచ్చింది, అదే నెలలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఒక్క సాఫ్ట్‌వేర్‌లో ఒక్క పని మాత్రమే వచ్చిన కుర్రవాడు అలాంటి రోజున రోడ్డు మీద పడతాడు. గీయడం, కథ కట్టడం, మనిషి నడకను గమనించడం వచ్చినవాడు ఇంకో చోట నిలదొక్కుకుంటాడు. "గట్లయితే ముందుగాల్ల గీసుడే నేర్పుండ్రి" అన్నాడాయన. పిల్లవాడు చేరాడు.

గీయడం, కథ కట్టడం వచ్చినవాడు నిలదొక్కుకుంటాడన్న మాటకు ఎన్ఐడీ పూర్వ విద్యార్థుల జీవితాలు సాక్ష్యం. వైభవ్ కుమరేశ్ సొంత స్టూడియో పెట్టి 'లాంపుట్' అనే నారింజ రంగు ముద్ద పాత్రను కార్టూన్ నెట్‌వర్క్‌కు చేశారు. మొదట్లో ఒక్కో ముక్క 15 సెకన్లే, మాటలు లేవు, అందువల్ల ఏ దేశంలోనైనా చూస్తారు. అంతర్జాతీయ ఎమ్మీ నామినేషన్ దాకా వెళ్ళింది. ధీమంత్ వ్యాస్ 'తారే జమీన్ పర్' మొదటి టైటిళ్ళలో మట్టి బొమ్మల్ని కదిలించారు. ఇంగ్లండులో 'షాన్ ద షీప్'కూ పనిచేశారు. వీళ్ళకన్నా చిన్న తరంలో ఉపమన్యు భట్టాచార్య, కల్ప్ సంఘ్వి తీసిన 'వేడ్' 2020లో ఆన్సీ నగర పురస్కారం గెలిచింది. సముద్రం మింగేసిన కోల్‌కతా వీధుల్లో, మోకాలి లోతు నీళ్ళలో, ఇల్లు పోయిన మనుషులకు సుందర్‌బన్స్ పులులు ఎదురుపడతాయి. తీరప్రాంత ఆంధ్రలో తుపాన్లు చూసినవాళ్ళకు అది కల్పన అనిపించదు.

సురేశ్ ఎరియట్ సంగతి వేరుగా చెప్పాలి. ప్రకటనల్లో బాగా సంపాదించే మనిషి, ఆ డబ్బునూ తన స్టూడియోనూ వాడి సొంత సినిమాలు తీస్తూ వస్తున్నారు. 'ఫిషర్‌వుమన్ అండ్ టుక్ టుక్'లో చేపలమ్ముకునే ఆమె ఆటో కొనుక్కోవాలని ఆశపడుతుంది. జాతీయ పురస్కారం వచ్చింది. 'టోక్రీ'లో ఒక చిన్నపిల్ల తండ్రి గడియారం పగలగొట్టి, దాన్ని బాగుచేయించడానికి బుట్టలల్లి వీధిలో అమ్ముతుంది. 15 నిమిషాల ఆ మట్టి సినిమా పూర్తవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. నేను పైన చెప్పిన లెక్క ప్రకారం పది వేలకు పైగా భంగిమలు. దానికీ జాతీయ పురస్కారం వచ్చింది. ఎనిమిదేళ్ళు ఒక పిల్ల ముఖంలో దిగులును మట్టిలో పట్టి ఉంచడానికి కావలసిన ప్రేమ ఏ కోర్సు సిలబస్‌లోనూ రాయలేం.

2025లో ఆయన 'దేశీ ఊన్'కు ఆన్సీలో కమిషన్డ్ సినిమాల (ఎవరో అడిగి చేయించుకునేవాటి) విభాగంలో జ్యూరీ పురస్కారం వచ్చింది. మన దేశపు ఉన్ని గురించి, ఉన్నితోనే తీసిన స్టాప్ మోషన్ చిత్రం. అందులోని దక్కనీ గొర్రె మనకు కొత్తది కాదు, మహారాష్ట్ర, కర్ణాటకలతోపాటు తెలంగాణలోనూ తిరిగేదే. మా కురుమల గొంగడి దాని నల్ల ఉన్నితోనే నేస్తారు. వానకు తడవనీయదు, చలికి కప్పుకోవచ్చు, ఎండలో తల మీద వేసుకోవచ్చు. దిగుమతి ఉన్ని వచ్చాక కత్తిరించిన ఉన్నిని కొనేవాళ్ళు లేక కాపరులు పారేసే స్థితి వచ్చింది. మాంసం కోసం ఉన్ని తక్కువున్న గొర్రెల్ని పెంచడమూ మొదలైంది. ఇంత ఆర్థికశాస్త్రాన్ని ఆ సినిమా గొర్రె చేత, పాట చేత చెప్పిస్తుంది. మా ఊళ్ళో గొంగడి నేసేవాళ్ళ ఇళ్ళు నాకు తెలుసు. ఆ కథను ముంబై స్టూడియో ఫ్రాన్స్ దాకా తీసుకెళ్ళిందని ఎంత సంతోషించానో, మన పిల్లలు ఎందుకు ముందే చెయ్యలేదని అంత తపన పడ్డాను.

చెయ్యాలనుకునే పిల్లలకు నాలుగు సంగతులు. ఎన్ఐడీ అహ్మదాబాదులో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ అనే విభాగం ఉంది. ఇంటర్ తర్వాత నాలుగేళ్ళ బీడెస్, డిగ్రీ తర్వాత రెండున్నరేళ్ళ ఎండెస్. ఇంటర్‌లో ఏ గ్రూపైనా పరవాలేదు, ఎంపీసీనే ఉండాలన్న నియమం లేదు. అమరావతిలో కూడా ఎన్ఐడీ ఉంది, కానీ యానిమేషన్ విభాగం అహ్మదాబాదుదే. ప్రవేశ పరీక్ష రెండు దశలు, మొదటిది రాత పరీక్ష, గీయాల్సింది కూడా ఉంటుంది. రెండోదాంట్లో వస్తువులిచ్చి చేత్తో ఏదైనా తయారుచేయమంటారు, మట్టో కాగితమో తీగో ఏదైనా కావచ్చు. సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్లు అక్కడ ఎవరూ అడగరు. బస్టాండులో, సంతలో, పొలం గట్టు మీద కూర్చుని మనుషుల్ని వేసిన స్కెచ్ పుస్తకాలు ఉంటే ఆ చెయ్యి పరీక్షలో దానంతటదే పలుకుతుంది. మొదటి దశ హైదరాబాదులోనే రాసుకోవచ్చు.